నికోబార్ బిషప్ చెప్పిన సహాయనీతి

అస్థిర రాజ్యాలకు సంపన్న దేశాలు అందించే అభివృద్ధి సహాయం ఏ మేరకు ఫలిస్తున్నదన్న చర్చ, 2021 ఆగస్టులో కాబూల్ ప్రభుత్వం పతనమైన నాటి నుండి మరింత పదునెక్కింది. ఒక దశలో ప్రభుత్వ వ్యయంలో నాలుగింట మూడు వంతులు విదేశీ ధనంతోనే నడిచిన రాజ్యం కొద్ది దినాలలో పేకమేడ వలె కూలిపోయింది. కారణం వెదకడానికి మనం హిందూకుష్ పర్వతాల దాకా పోనక్కరలేదు. మన మొదటి లోక్‌సభలో కూర్చున్న ఒక సభ్యుని జీవితాన్ని పరికిస్తే చాలును. ఆయన బిషప్ జాన్ రిచర్డ్‌సన్.

ఆయన 1884లో కార్ నికోబార్ దీవిలోని మూస్ గ్రామంలో జన్మించారు. 1890 దశకంలో ఆ దీవికి వచ్చిన తమిళ క్రైస్తవ ఉపదేశకుడు వేదప్పన్ సాలమన్ ఆయనకు గురువు. మిషన్ వారి సాయంతో బర్మాలోని మాండలేలో చదివి, తిరిగి వచ్చి ఉపాధ్యాయుడయ్యారు. ఆ విధంగా ఆయన స్వయంగా విదేశీ సహాయ ఫలమే. అయితే వచ్చిన విద్యను ఆయన ఇంగ్లీషులోనే ఉంచివేయలేదు. రోమన్ అక్షరాలతో నికోబారీ భాషకు వ్రాత రూపం కల్పించారు. బైబిలును తన వారి మాటలలోకి తెచ్చారు. దీవి యువకులకు ఫుట్‌బాల్ నేర్పారు.

యుద్ధకాలంలో, 1942 నుండి 1945 వరకు, దీవి జపాను సైన్యం చేతిలో ఉంది. విమానక్షేత్ర నిర్మాణానికి జనం చేత వెట్టిచాకిరి చేయించారు. గూఢచారులన్న నెపంతో అనేకులను వధించారు. రిచర్డ్‌సన్ తన కుమారుని కోల్పోయారు. తాను సైతం చిత్రహింసలు అనుభవించి, జపాను లొంగుబాటుతో ప్రాణాలతో బయటపడ్డారు. గమనించవలసిన విషయం ఇక్కడే ఉంది. అర్ధ శతాబ్దం పాటు మిషన్ ధనం వెచ్చించినా క్రైస్తవులైన వారు కొద్దిమందే. యుద్ధానంతరం కొన్ని సంవత్సరాలలోనే దీవి వాసులలో అత్యధికులు ఆయన వెంట నడిచారు. ధనం చేయలేని పనిని, కష్టంలో పాలుపంచుకున్న మనిషి చేయగలిగాడు. మత విషయంలో ఎవరి అభిప్రాయం ఏదైనా, ఈ సత్యాన్ని కాదనలేము.

1950లో బిషప్ అయ్యారు. 1952లో రాష్ట్రపతి ఆయనను అండమాన్ నికోబార్ ప్రతినిధిగా లోక్‌సభకు నామినేట్ చేశారు. 1975లో పద్మభూషణ్ లభించింది. 1978 జూన్‌లో కన్నుమూశారు.

ఆయన పోయిన ఇరవై ఆరేళ్ళకు, 2004 డిసెంబరు 26న, సునామీ ఆ దీవిని ముంచెత్తింది. నాడు ఢిల్లీ విదేశీ ప్రభుత్వాల సాయాన్ని మర్యాదగా నిరాకరించి, తానే శ్రీలంక, మాల్దీవులు, ఇండొనేషియాలకు నౌకలను పంపింది. పుచ్చుకునే చేయి ఎంత చిన్నబోతుందో ఢిల్లీకి తెలుసు. అయితే నికోబారీలకు ఢిల్లీ కూడా దూరదేశమే! గుడిసెలు కట్టుకోవడానికి పనిముట్లు ఇప్పించండని వారు అడిగారు. వారికి దక్కినవి రేకుల షెడ్లు, ఆ పిమ్మట ప్రధాన భూభాగం నుండి ఓడలలో వచ్చిన సామగ్రితో కట్టిన ఇండ్లు. ఆ సమాజంలో భూమికి, కొబ్బరితోటకు యజమాని 'తుహెత్' అనే ఉమ్మడి కుటుంబం. పరిహారం జాబితాలు మాత్రం భార్య, భర్త, పిల్లలనే లెక్కకు తీసుకున్నాయి. ధనం విడివిడి ఖాతాలలో పడింది, ఉమ్మడి బంధం సడలింది. ప్రాణాలు నిలిపిన సహాయాన్ని ఎవరూ తప్పుపట్టరు. 1977 నాటి దివిసీమ ఉప్పెనను ఎరిగిన మనకు తొలినాళ్ళ గంజి విలువ తెలుసు. తప్పు తరువాతి అంకంలో జరిగింది. ఏమి కావాలో నిర్ణయించే అధికారం అడిగినవారి వద్ద గాక ఇచ్చినవారి వద్ద మిగిలిపోయింది. కాబూల్‌లో జరిగినదీ అదే.

ఇప్పుడు గ్రేట్ నికోబార్‌లో మహా నౌకాశ్రయం, విమానాశ్రయం, పట్టణం నిర్మించాలన్నది కేంద్రం సంకల్పం. 2022లో పర్యావరణ అనుమతి లభించింది. అదే సంవత్సరం అక్కడి గిరిజన మండలి తన పూర్వ సమ్మతిని ఉపసంహరించుకుంది. సునామీకి చెదిరిపోయిన తమ పూర్వుల గ్రామాలకు తిరిగి పోనివ్వమన్నది వారి కోరిక.

రక్షణ, వాణిజ్య ప్రయోజనాలు చిన్నవి కావు. అయినా, ఒకనాడు ఒక నికోబారీని పిలిచి తన సభలో కూర్చోబెట్టుకున్న పార్లమెంటుకు, నేడు వారి ఉపసంహరణ లేఖను చదివే బాధ్యత లేదా?