మోతాదు కొలిచిన డాక్టరు: గుస్టావ్ జాండర్

మన హాస్టల్ జిమ్‌లో మూలన ఒక లెగ్ ఎక్స్‌టెన్షన్ మెషీన్ ఉంది. కుర్చీలో కూర్చుని, పాదాల ముందున్న రోలర్‌ని పైకి లేపాలి. కొత్తగా వచ్చిన ఫస్టియర్ వాళ్ళు దాని మీద కూర్చోగానే చేసే మొదటి పని, పిన్ను పీకి ఇంకా కింది రంధ్రంలో పెట్టడం. ఎంత బరువు లేపితే అంత గొప్ప అన్నమాట! ఇలాంటి మెషీన్ల ముత్తాతలు పుట్టింది కండలు పెంచే కుర్రాళ్ళ కోసం కాదని వాళ్ళకి చెబితే నమ్మరు. నూట అరవై ఏళ్ళ కిందట స్టాక్‌హోమ్‌లో ఒక డాక్టరు వాటిని రోగుల కోసం తయారుచేశాడు. కోటు విప్పకుండా, గడియారం గొలుసు కూడా తీయకుండా వచ్చి కూర్చునే నడివయసు గుమాస్తాలు, గౌన్లు పాదాల దాకా జీరాడే ఆడవాళ్ళు, మెట్లెక్కితే ఆయాసపడే పెద్దవాళ్ళు: ఇదీ ఆయన జిమ్ముకి వచ్చిన జనం.

ఆయన పేరు గుస్టావ్ జాండర్. 1835లో స్టాక్‌హోమ్‌లో పుట్టాడు. ఆ రోజుల్లో స్వీడన్‌లో కసరత్తుతో జబ్బులు నయం చెయ్యడం అప్పటికే ఒక శాస్త్రంగా చెలామణీలో ఉంది. దానికి మూలపురుషుడు పెర్ హెన్రిక్ లింగ్. ఈయన కత్తిసాము నేర్పేవాడు, కవిత్వమూ రాసేవాడు. (మన క్లబ్బులో చేర్చుకోదగ్గ మనిషే.) 1813లో స్టాక్‌హోమ్‌లో సర్కారు తరఫున ఒక కసరత్తు విద్యాలయం పెట్టాడు. లింగ్ పద్ధతిలో రోగి చెయ్యి ముడుస్తుంటే వైద్య వ్యాయామకారుడు ఎదురుగా నిలబడి తన చేత్తో అడ్డుకుంటాడు. రోగి బలాన్ని బట్టి అడ్డు పెంచుతాడు, తగ్గిస్తాడు. ఈనాటి ఫిజియోథెరపిస్టులు చేసేదానిలో సగం అక్కడి నుంచి వచ్చిందే.

జాండర్ కుర్రవాడిగా ఉన్నప్పుడు, 1850ల చివర్లో, ఇంటివాళ్ళు నడిపే ఒక బాలికల బోర్డింగు బడిలో లింగ్ పద్ధతి కసరత్తులు నేర్పేవాడు. అక్కడే చిక్కొచ్చి పడింది. ఒక్కో అమ్మాయిది ఒక్కో ఇబ్బంది. ఒకరికి వెన్ను వంకర, ఇంకొకరికి భుజాల్లో బలం లేదు. ప్రతి ఒక్కరికీ ఎదురుగా నిలబడి చేత్తో అడ్డుకోవడానికి ఉన్నది తనొక్కడు. పైగా చెయ్యి అలసిపోతుంది. పొద్దున మొదటి పిల్లకి ఇచ్చిన ఒత్తిడి, పదో పిల్ల దగ్గరికి వచ్చేసరికి ఉండదు. నిన్న ఎంత ఇచ్చానో ఇవాళ గుర్తుండదు, ఎందుకంటే కొలత లేదు. ఇక్కడ మన జాతి లక్షణం ఒకటి ఆ డాక్టరులో కనిపిస్తుంది. మనిషి చేసే పని విసుగొస్తే, దానికి ఒక మెషీన్ చేద్దామా అనుకోవడం!

ఆయన ఎంచుకున్న పరికరం మహా మామూలుది, లివర్. ఒక కడ్డీ, ఒక ఇరుసు, కడ్డీ మీద అటూ ఇటూ జరిగే ఒక గుండు. పాత ఆస్పత్రుల్లో బరువు చూసే మెషీన్ మీద జరిపే గుండు లాంటిదే. కడ్డీ మీద గీతలుంటాయి. గుండుని ఏ గీత దగ్గర బిగిస్తే ఆ మేరకు అడ్డు. ఫస్టియర్ మెకానిక్స్‌లో టార్క్ అని బట్టీ పట్టామే, అదే ఇది. గుండు ఇరుసుకి పది సెంటీమీటర్ల దూరంలో ఉంటే, దాన్ని ఒక్క సెంటీమీటరు జరిపితే కష్టం పది శాతం పెరుగుతుంది. అదే మన డంబెల్స్ చూడండి. ఒక కిలో తర్వాత రెండు కిలోలది తీసుకుంటే ఒక్క దెబ్బకి రెట్టింపు. ఇరవై ఏళ్ళవాడికి అది లెక్కలోకి రాదు. ఎనభై ఏళ్ళ మనిషికి మాత్రం, చెయ్యగలగడానికీ భుజం పట్టేయడానికీ మధ్య ఉండే తేడా అంతా అందులోనే ఉంది.

ఇంకో సంగతి ఆయన గమనించాడు. మోచెయ్యి చాచి ఉన్నప్పుడు, సగం ముడిచినప్పుడు, పూర్తిగా ముడిచినప్పుడు కండకి ఉండే పట్టు ఒకేలా ఉండదు. ఎముక కూడా ఒక లివరే కదా, కోణం మారితే లెక్క మారుతుంది. అందుకని జాండర్ తన కడ్డీలని ఎలా అమర్చాడంటే, కండకి పట్టు ఎక్కువున్న చోట కడ్డీ అడ్డంగా వచ్చి బరువు ఎక్కువ తెలుస్తుంది, పట్టు తగ్గే చోట కడ్డీ వాలి బరువు తేలికవుతుంది. సైన్ తీటా చేసే పని. ఈ ఆలోచనే వందేళ్ళ తర్వాత, 1970 ప్రాంతంలో, అమెరికాలో నాటిలస్ మెషీన్ల రూపంలో వచ్చి కొత్త వింతలాగా అమ్ముడుపోయింది.

జాండర్ మెడిసిన్ చదువు పూర్తిచేసి, ముప్పై నిండకుండానే, 1865 జనవరిలో స్టాక్‌హోమ్‌లో తన సంస్థ తెరిచాడు. మొదట్లో 27 మెషీన్లు. చేతులకి కొన్ని, కాళ్ళకి కొన్ని, నడుముకి కొన్ని. వాటికి అక్షరాలు, అంకెలు ఇచ్చాడు. చేతులవి ఏ, కాళ్ళవి బి, నడుమువి సి, ఇలా. డాక్టరు రోగిని పరీక్షించి ఒక చీటీ రాసేవాడు. ఏ మెషీను, గుండు ఏ గీత దగ్గర, ఏ వరుసలో చెయ్యాలి. కొన్నాళ్ళయ్యాక మళ్ళీ చూసి గీత పెంచేవాడు. అంటే మందుల చీటీ లాంటిదే, మందుకి బదులు కదలిక. నా మటుకు నాకు జాండర్ చేసిన అసలు పని ఆ మెషీన్లకన్నా ఈ చీటీయే అనిపిస్తుంది. రోజూ కాస్త నడవండి, బరువులు ఎత్తకండి అని చెప్పి పంపడం సలహా. ఇంత, ఇన్నిసార్లు, ఫలానా రోజు నుంచి ఇంకాస్త అని రాసివ్వడం వైద్యం.

ఈ తేడా నాకు మా అమ్మమ్మ వల్ల తెలిసింది. రెండేళ్ళ కిందట మోకాలు మార్చాక ఇంటికొచ్చిన ఒక ఫిజియోథెరపిస్టు, మంచం మీద పడుకుని కాలు పదిసార్లు లేపమని చెప్పి వెళ్ళాడు. అమ్మమ్మ బుద్ధిగా లేపింది. నాలుగు నెలలు అదే పది, అదే మంచం. బాత్రూమ్‌లో స్టూలు మీంచి లేవాలంటే మాత్రం అమ్మ చెయ్యి పట్టుకోవాల్సిందే. వయసైపోయింది కదా, ఇంతకన్నా ఏం చేస్తాంలే అని ఇంట్లో అందరం సర్దుకున్నాం. ఆవిడ చెయ్యలేకపోవడం కాదు, మేం పెంచకపోవడం అని ఎవరికీ తట్టలేదు.

సరే, జాండర్ దగ్గరికి వద్దాం. లింగ్ శిష్యులకి ఆయన అంటే గిట్టేది కాదు. రోగి ఒళ్ళు ఎక్కడ బిగుసుకుందో, ఎక్కడ నొప్పి మొదలైందో తెలుసుకునేది మనిషి చెయ్యి, ఇనుప కడ్డీకి ఏం తెలుస్తుంది అని వాళ్ళ వాదన. కొలత లేనిదే వైద్యం ఎలా అవుతుందని ఈయన వాదన. పొట్టకూటి తగాదా కూడా ఇందులో లేకపోలేదు. ఒక హాలు నిండా మెషీన్లు ఉంటే అంతమంది మనుషుల అవసరం తగ్గిపోతుంది కదా! చాట్‌బాట్ల రోజుల్లో ఉన్న మనకి ఈ గొడవ కొత్తగా అనిపించదు. నన్నడిగితే ఇద్దరూ సగం సగం కరెక్టే.

మెషీన్లు మాత్రం ఊరూరా తిరిగాయి. 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన పెద్ద ప్రదర్శనలో అమెరికా వాళ్ళు వాటిని చూసి ముచ్చటపడ్డారు. జర్మనీలో బాడెన్ బాడెన్ వేడినీటి స్నానాలకొచ్చే ధనికులకి అవొక ఫ్యాషన్ అయ్యాయి. అదే జర్మనీలో 1884లో కార్మికుల ప్రమాద బీమా చట్టం వచ్చాక, ఫ్యాక్టరీల్లో చేతులు, కాళ్ళు దెబ్బతిన్నవాళ్ళని మళ్ళీ పనిలోకి పంపడానికీ ఇవే వాడారు. ఇరవయ్యో శతాబ్దం మొదటికి వందకు పైగా ఊళ్ళలో జాండర్ సంస్థలున్నాయి. 1912లో మునిగిపోయిన టైటానిక్ ఓడలో కూడా ఒక జిమ్ ఉండేది. అందులోని కరెంటు గుర్రం, కరెంటు ఒంటె ఆయన నమూనాల నుంచి వచ్చినవే.

ఆ గుర్రం దగ్గరే ఆయన దారి తప్పాడని నా అభిప్రాయం. జాండర్ మెషీన్లు రెండు రకాలు. రోగి తన కండబలంతో కదిపేవి ఒకటి. రెండోది, ఆవిరి యంత్రం బెల్టు లాగుతుంటే రోగిని కదిపేవి. కూర్చోబెట్టి ఊపేవి, వీపు మీద దరువేసేవి, పొట్ట పిసికేవి. గట్టిపడిన కీలుని మెల్లగా కదిలించడానికి అలాంటివి కొంత పనికొస్తాయి గానీ, పని చేసింది ఆవిరి యంత్రమైతే బలం రోగికెలా వస్తుంది? అయినా డబ్బున్నవాళ్ళకి నచ్చింది ఈ రెండో రకమే. ఒళ్ళు వంచకుండా ఆరోగ్యం వస్తుందంటే ఎవరికి చేదు? ఇప్పటికీ నడుముకి బెల్టు కట్టి వణికించే మెషీన్ల ప్రకటనలు టీవీలో వస్తూనే ఉన్నాయి.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ సంస్థలు ఒక్కొక్కటే మూతబడ్డాయి. మెషీన్లు ఖరీదైనవి, బరువైనవి, ఒక్కోటి ఒక్క కదలికకే పనికొచ్చేది. జాండర్ 1920లో, 85 ఏళ్ళ వయసులో పోయాడు. ఆయన సామాను కొంత ఇప్పుడు మ్యూజియంలలో ఉంది. అమెరికాలో ఆర్కాన్సా రాష్ట్రంలోని హాట్ స్ప్రింగ్స్‌లో పాత స్నానశాల ఒకటుంది, అక్కడా కొన్ని ఉన్నాయి.

మెషీన్లు పోయినా చీటీ మిగిలింది. కానీ పెద్దవాళ్ళ విషయంలో దాన్ని ధైర్యంగా రాయడానికి ఇంకో డెబ్భై ఏళ్ళు పట్టింది. 1990లో బోస్టన్‌లో ఒక వృద్ధుల ఆశ్రమంలో 86 నుంచి 96 ఏళ్ళ మధ్య వాళ్ళు పదిమందితో మరియా ఫియాటరోన్ అనే డాక్టరు బృందం కాళ్ళ కసరత్తు చేయించింది. తేలిక బరువులు కాదు, ఒక్కొక్కరు ఒక్కసారి ఎంత ఎత్తగలరో చూసి, అందులో 80 శాతం దాకా. పెరిగిన కొద్దీ మళ్ళీ కొలిచి బరువు పెంచారు. ఎనిమిది వారాల్లో కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. వాళ్ళు వాడింది కూడా బరువు, లివరు, కొలతే. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ 65 దాటినవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మాదిరి కసరత్తు, కనీసం రెండు రోజులు కండల బలానికి, మూడు రోజులు తూలిపడకుండా నిలదొక్కుకోవడానికి చెయ్యమంటోంది. ఈ చివరిది కుర్చీలో కూర్చోబెట్టే మెషీన్లు నేర్పలేవు. ఒంటికాలి మీద నిలబడటం, మడమ వెనకే మడమ పెట్టి నడవడం నేలమీదే నేర్చుకోవాలి, పక్కన పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలి. లింగ్ శిష్యులు కూడా సగం కరెక్టే అన్నది అందుకే.

అమ్మమ్మకి తర్వాత వేరే ఫిజియోథెరపిస్టు దొరికింది, మా వీధి చివర ఉండే అమ్మాయే. వచ్చిన రోజే కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోమంది. అరనిమిషంలో మూడుసార్లు లేవగలిగింది, అది రాసుకుంది. తర్వాత ఎంత కష్టంగా ఉంది బామ్మగారూ, పదికి ఎంత వేస్తారు అని అడిగింది. గున్నార్ బోర్గ్ అనే స్వీడన్ ఆయన కనిపెట్టిన కొలత అది, గుండు జరిపే గీతలు మనిషి నోటికే ఇచ్చినట్టు. అమ్మమ్మ మొహమాటానికి రెండు అంది. అయితే ఇది చాలదు అని కాలికి అరకిలో ఇసుక పట్టీ కట్టింది. సంక్రాంతికి నేను వెళ్ళేసరికి పట్టీ కిలోన్నర అయింది. బాత్రూమ్‌లో స్టూలు అలాగే ఉంది గానీ ఆవిడ అమ్మని పిలవడం మానేసింది. ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఒక కాగితం: తేదీ, బరువు, ఎన్నిసార్లు, పదికి ఎంత. చివరి వరుసలో ఆవిడ చేతిరాతతో ఏడు అని ఉంది.