పత్తిచేలో పెరిగిన పంతులమ్మ

ఈసారి నివేదికలో అమెరికా పంతులమ్మ ఒకామె గురించి చెప్పుకుందాం. దేశం దూరమే, కానీ పత్తి ఏరిన చేతులు మనలో చాలామందివి, అందుకే ఈమె మనకు పరాయి మనిషి అనిపించదు.

మేరీ 1875లో సౌత్ కరోలినా రాష్ట్రంలో, మేస్‌విల్ అనే ఊరి దగ్గర పుట్టింది. పదిహేడు మంది పిల్లల్లో పదిహేనోది. అమ్మానాన్నలు ఒకప్పుడు తెల్లవాళ్ల కింద బానిసలు. బానిసత్వం పోయాక కష్టపడి కాస్త భూమి కొనుక్కుని, ఇంటిల్లిపాదీ పత్తి పండించేవాళ్లు. అమ్మ తెల్లవాళ్ల బట్టలు కూడా ఉతికేది. అమ్మ వెంట వెళ్లిన మేరీ ఒకసారి వాళ్లింట్లో పుస్తకం పట్టుకుంటే, నీకు చదువెక్కడొస్తుందని ఆ ఇంటి పిల్ల లాగేసుకుంది.

తర్వాత ఊళ్లో నల్లజాతి పిల్లలకు బడి వచ్చింది. చేనుపని ఉంది, ఒక్కరినే పంపగలరు. మేరీని పంపారు. రోజూ మైళ్ల కొద్దీ నడిచేది, నేర్చుకున్నది సాయంత్రం ఇంట్లోవాళ్లకు చెప్పేది. లెక్కలు వచ్చాక ఇరుగుపొరుగు వాళ్ల పత్తి తూకాలూ చూసిపెట్టేది. కాటా మీద అంకె చదవలేకపోతే ఎంత పోతుందో మనకు వేరే చెప్పాలా!

పైచదువుకు డబ్బిచ్చింది డెన్వర్‌లో బట్టలు కుట్టుకుని బతికే మేరీ క్రిస్మన్ అనే ఆమె. ముఖం కూడా చూడని పిల్ల కోసం తన సంపాదనలోంచి తీసి పక్కన పెట్టింది. మాకైతే ఈ కథలో బాగా నచ్చింది ఆ కుట్టుపని ఆవిడే.

1904లో, పెళ్లయి మేరీ బెథూన్ అయ్యాక, ఫ్లోరిడాలోని డేటోనాలో ఆడపిల్లల బడి పెట్టింది. చేతిలో డాలరున్నర. ఐదుగురు ఆడపిల్లలు, తన కొడుకు. చెక్కపెట్టెలే బల్లలు, కాల్చిన పుల్లలే పెన్సిళ్లు. చిలగడదుంపతో తీపివంటలు చేసి కూలీలకు అమ్మి బడి నడిపింది. చెత్తకుప్ప పోసే జాగా కొని అక్కడే భవనం కట్టించింది.

1920లో అక్కడ ఆడవాళ్లకు ఓటు హక్కు వచ్చింది. నల్లజాతివాళ్లకు మాత్రం చదువు పరీక్ష, దానికి తోడు ఓటు పన్ను. మేరీ రాత్రిబడి పెట్టి చదువు చెప్పింది, పన్నుకు డబ్బు పోగుచేసింది. ఎన్నికల ముందు రాత్రి ముసుగుల గుంపు బడి మీదికొచ్చింది. ఆమె కదల్లేదు. తెల్లారి తనవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి ఓటేయించింది.

ఆ బడి ఇప్పుడు యూనివర్సిటీ. 1955లో చనిపోయిన మేరీ సమాధి దాని ఆవరణలోనే ఉంది.