దంతవైద్య పితామహుడు పియేర్ ఫొషార్

రాత్రి యంతయు పంటినొప్పితో మేలుకొని, బుగ్గకు గుడ్డ కట్టుకొని తరగతికి వచ్చు బాలుని చూచినప్పుడెల్ల నాకు ఫొషార్ జ్ఞప్తికి వచ్చును. ఆ బాలుని అవ్వ పంటికి పురుగు పట్టినదని చెప్పును. నేలములక గింజలను నిప్పులపై వేసి, ఆ పొగను నోటికి పట్టించి, పురుగులు రాలినవని చూపువారు మన పల్లెలలో నుండిరి. ఐరోపా ఖండమునందును ఇట్టి తంతే అనేక శతాబ్దములు సాగినది. అచ్చట వేరొక మూలిక గింజలు. వేడికి పగిలిన గింజలనుండి వెలువడు తెల్లని మొలకలనే పురుగులని నమ్మించుచుండిరి.

పియేర్ ఫొషార్ 1678వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమున జన్మించెను. చిన్నతనముననే నౌకాదళమున చేరి, పొతెలెరే యను శస్త్రవైద్యునియొద్ద పని నేర్చెను. నెలల తరబడి పచ్చికూరలు, ఫలములు లేక నావికుల చిగుళ్లు వాచి, రక్తము కారి, దంతములు కదలి యూడిపోవుచుండెను. ఇదియే స్కర్వీ వ్యాధి. ఈ బాధను దినదినము కన్నులార చూచిన యువకునకు నోటి రోగములయందు పట్టుదల కలిగెను. పిమ్మట ఆంజే పట్టణమున వైద్యము చేసి, పారిస్ నగరమున స్థిరపడెను.

ఆనాటి పారిస్‌లో దంతములు పెరుకుట యొక సంత వేడుక. పోన్ నెఫ్ వంతెనపై గ్రాన్ తొమా యనునతడు ఈకల టోపీ ధరించి, జనులు గుమిగూడి చూచుచుండగా దంతములు పెరుకుచుండెను. సామాన్యముగా రోగిని నేలపై కూర్చుండబెట్టి, తలను మోకాళ్లనడుమ నొక్కిపట్టి లాగుట వాడుక. ఫొషార్ దీనిని గర్హించి, రోగిని చేతుల కుర్చీలో కూర్చుండబెట్టెను. చిన్న మార్పే గాని, భయముతో వణకు పిల్లవానికి అది చిన్నది కాదు.

నిజముగా పని తెలిసినవారును లేకపోలేదు. అయితే వారు తమ నేర్పును రహస్యముగా దాచుకొనుచుండిరి. ఫొషార్ తనకు తెలిసినదంతయు 1728లో రెండు సంపుటములుగా ప్రకటించెను. పనిముట్ల పటములనుకూడ అందు చేర్చెను. పోటీదారులు వాటిని చూచి చేయించుకొందురని యెరిగియే యీ పని చేసెను. ఇదియే ఆయన జీవితమున నాకు మిక్కిలి గొప్పగా తోచు ఘట్టము.

పిప్పిపంటిని సూక్ష్మదర్శినితో పరిశీలించి, పురుగు కనబడలేదని ఆయన వ్రాసెను. తీపిపదార్థములు దంతములకు చెరుపని హెచ్చరించెను. పంటి గుంటను గీకి శుభ్రపరచి, తగరముతోనో సీసముతోనో పూడ్చుట, నొప్పికి లవంగ తైలము వాడుట, వంకరగా మొలచిన పిల్లల దంతములను సన్నని లోహపు పట్టీకి దారములతో కట్టి సరిచేయుట, ఇవన్నియు ఆ గ్రంథమున గలవు. సీసము విషమని నేడు మనమెరుగుదుము. నోరు పుక్కిలించుటకు ఆయన స్వమూత్రమునే చెప్పెను! ఈ మాట చెప్పగా మా తరగతి యంతయు నవ్వినది. అవ్వ మాటయు పూర్తిగా పొల్లుకాదు సుమా: నోటిలోని కంటికి కనబడని సూక్ష్మజీవులు, తినిన చక్కెరను పులియబెట్టి ఆమ్లముగా మార్చి దంతమును కరగించునని మిల్లర్ అను పండితుడు 1890లో వివరించెను. కనుక గుంట చిన్నదిగా నున్నప్పుడే పూడ్పించిన పన్ను నిలుచును. పాలపండ్లు ఎటులైనను ఊడిపోవునవే గదా యని తల్లిదండ్రులు ఉపేక్షింతురు. కాని అవి ముందుగా పోయినచో, వెనుకవచ్చు పండ్లు చోటు తప్పి మొలచును.

ఫొషార్ 1761లో, ఎనుబదియేండ్లు దాటిన పిమ్మట, పారిస్‌లో మరణించెను. ఆయన గ్రంథము 1733లోనే జర్మను భాషలోనికి పోయినను, ఇంగ్లీషున 1946లో గాని రాలేదు. దానిని అనువదించినది లిలియన్ లిండ్సే. స్త్రీయను కారణముచేత లండనులోని దంతవైద్యశాల ఆమెను చేర్చుకొనకపోగా, ఎడింబరోలో చదివి, 1895లో బ్రిటనునందు పట్టము పొందిన మొదటి స్త్రీ దంతవైద్యురాలు ఈమెయే.