గ్రంథాలయ పితామహుడు

తెలుగునాట గ్రంథాలయోద్యమానికి ప్రాణం పోసిన మహనీయుడు అయ్యంకి వెంకట రమణయ్య. ఆయన 1890లో గోదావరి సీమలోని కొంకుదురులో జన్మించారు. బీరువాలో బందీ అయిన గ్రంథం ఎంత ఉత్తమమైనదైనా నిష్ప్రయోజనమే. పాఠకుడు దానిని వెదుక్కుంటూ వచ్చేవరకు వేచి ఉండక, సభలు, యాత్రలు, ఉత్సవాల ద్వారా పుస్తకాన్ని ప్రజల ముంగిటికి చేర్చడమే ఆయన జీవితవ్రతమైంది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడడానికి ఆయన కారకులయ్యారు. ‘గ్రంథాలయ సర్వస్వం’ పత్రికను నడిపారు.

1919 నవంబరు 14న మద్రాసులో ఆయన కృషి ఫలితంగా అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరిగింది. ఆ శుభదినాన్ని పురస్కరించుకొని 1968 నుండి జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు ఆరంభమయ్యాయి. ఈ వారోత్సవాలలో శాస్త్రగ్రంథాలు, పరిశోధన పత్రికలు బీరువాలు వీడి ప్రదర్శన బల్లలపైకి వస్తాయి. వాటి పేరైనా ఎరుగని విద్యార్థికి అదే తొలి పరిచయం. 1972లో పద్మశ్రీ పురస్కారం పొందిన రమణయ్య 1979లో పరమపదించారు.