కణానికి కూడు వెదకిన ఎల్లాప్రగడ సుబ్బారావు

శ్రీకాకుళం జిల్లాలోని కోటబొమ్మాళి మొదలుకొని కోస్తా పల్లెలలో బోదకాలు అంటే ఏమిటో తెలియని ఇల్లు అరుదు. ఆ వ్యాధిని తుడిచివేయుటకై 2004లో దేశమంతట ఆరంభమైన కార్యక్రమంలో ప్రజలకు పంచిపెట్టిన మాత్ర పేరు డైఇథైల్ కార్బమజైన్. 1947లో హెట్రజాన్ అనే పేరుతో అది వెలువడినప్పుడు, దానిని సాధించిన పరిశోధకబృందానికి నాయకుడు ఒక తెలుగువాడు. మాత్ర మ్రింగినవారిలో ఆ పేరు ఎరిగినవారు కొద్దిమందే. బోదకాలు మందు ఆయన చేసిన పనులలో ఒకటి మాత్రమే. జీవకణం దేనిని తిని బ్రతుకుతున్నది, ఆ తిండి అందనప్పుడు ఏమవుతున్నది అన్న ప్రశ్న ఆయన జీవితమంతటిని నడిపించినది. కాలేయంలో పుట్టిన కాన్సరు ప్రాణవాయువు చాలనిచోట సైతం ఎట్లు పెరుగుతున్నదో శాస్త్రజ్ఞులు నేడు శోధిస్తున్నారు. ఆ శోధనకు పునాదిరాళ్ళలో కొన్నిటిని పేర్చినవారు ఆయనే. ఆయన డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు గారు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించినారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. సంసారం పెద్దది, రాబడి చిన్నది. చిన్ననాడు ఆయనకు చదువుపై మనసు నిలువలేదు. కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించవలెనని ఇల్లు విడిచి బయలుదేరినారు. పెద్దలు వెదకి ఇంటికి తెచ్చినారు. తండ్రి మరణించిన పిమ్మట తల్లి ఒంటిమీది బంగారం అమ్మి కుమారుని చదువు నిలబెట్టినది. మెట్రిక్యులేషనులో ఒకటికి రెండుమార్లు తప్పినా, చివరకు మద్రాసు హిందూ హైస్కూలు నుండి ఆ పరీక్ష నెగ్గినారు. ప్రెసిడెన్సీ కళాశాలలో చదివే కాలంలో రామకృష్ణమఠం వైపు మనసు పోయి సన్యసింపదలచినారు. తల్లి సమ్మతించలేదు. రోగులకు సేవచేయు మార్గమైనా దొరకునన్న తలంపుతో ఆయన మద్రాసు వైద్యకళాశాలలో చేరినారు.

ఆ యౌవనంలోనే ఇంటిపై పిడుగు పడినది. సోదరులిద్దరు కొద్దిదినాల వ్యవధిలో స్ప్రూ అనే వ్యాధికి బలియైనారు. మన వైద్యులు గ్రహణి అని చెప్పే రోగాల జాతికి చెందినది అది. తిన్న అన్నం ప్రేగులలో ఇంకదు, రక్తం పలచబడుతుంది, ఎదుట కంచం నిండుగా ఉండగానే మనిషి శుష్కించిపోతాడు. పిమ్మట సుబ్బారావు గారికే ఆ వ్యాధి సోకగా ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకొన్నారు. తిండి ఉండికూడ దేహానికి అందని ఈ విపరీతాన్ని ఆయన పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. దాని మూలం కనుగొనవలెనన్న పట్టుదల ఆనాడే నాటుకొన్నది.

గాంధీజీ పిలుపు విని ఆయన శస్త్రచికిత్సాశాలలో సైతం ఖద్దరు తొడిగినారు. ఆంగ్లేయుడైన శస్త్రవిద్యాచార్యునికి అది గిట్టలేదు. చదువులో లోపం లేకున్నను ఎం.బి.బి.ఎస్. పట్టానికి బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికి వచ్చినది. ప్రభుత్వోద్యోగం దొరకనందున మద్రాసులో లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించినారు. మామగారి సాయం, కాకినాడలోని మల్లాది సత్యలింగ నాయకర్ ధర్మనిధి చేయూత తోడుకాగా 1922లో అమెరికా పయనమైనారు. భార్య శేషగిరి పుట్టింట ఉండిపోయినది. వెళ్ళిన కొలది ఏండ్లకే తిరిగిరావలెనని సంకల్పం. ఆ తిరుగుప్రయాణం ఎన్నడును జరుగలేదు. ఆయన వెళ్ళిన పిదప పుట్టిన కుమారుడు పసితనంలోనే కన్నుమూసినాడు.

బోస్టనులో దిగేనాటికి చేతిలో ఉన్న ధనం స్వల్పం. పగలు హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్యవిద్యాలయంలో చదువు. రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు ఎత్తి కడిగే కొలువు. తరువాత జీవరసాయనశాఖలో సైరస్ ఫిస్కే వద్ద పరిశోధన చేపట్టినారు. రక్తంలోను మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో కొలుచుట అప్పటి వైద్యులకు గడ్డు సమస్య. గురుశిష్యులు కలిసి 1925లో సులభమైన పద్ధతి ప్రకటించినారు. భాస్వరం ఉన్న ద్రవంలో తగిన రసాయనాలు కలిపితే నీలిరంగు తేలుతుంది. రంగు చిక్కదనాన్ని బట్టి భాస్వరం పరిమాణం తెలుస్తుంది. ఫిస్కే - సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది ప్రపంచమంతట ప్రయోగశాలలకు ఎక్కినది.

కొలబద్ద చేతికి వచ్చిన తరువాత అసలు విషయం బయటపడినది. కండరం ముడుచుకొనుటకు శక్తి లాక్టిక్ ఆమ్లం పుట్టుకవలన కలుగుతున్నదని అప్పటి పండితుల సిద్ధాంతం. కండరంలో శరీరకార్యాలకు అవసరమైన శక్తిని దాచుకొన్న భాస్వర పదార్థమొకటి ఉన్నదని ఫిస్కే, సుబ్బారావులు 1927లో చూపినారు. అది ఫాస్ఫోక్రియాటిన్. రెండేండ్లకు, 1929లో, కండరంలోను కాలేయంలోను ఉండే భాస్వర పదార్థాలను గూర్చిన వ్యాసంలో మరొకదానిని వెల్లడించినారు. దాని పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, పొట్టిగా ఎ.టి.పి. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడ స్వతంత్రంగా దానిని కనుగొన్నాడు.

ఈ ఎ.టి.పి. ఎంత గొప్పదో తెలియుటకు మన ఇంటి గాదెను తలచుకొంటే చాలును. గాదెలో వడ్లున్నంతమాత్రాన ఆకలి తీరదు; దంచి, వండి, అన్నం చేయవలెను. దేహంలోని గ్లూకోజు వడ్ల వంటిది, ఎ.టి.పి. కంచంలోకి వచ్చిన అన్నం వంటిది. కండరం కదలిక, గుండె చప్పుడు, కణం రెండుగా చీలుట, అన్నింటికి అదే ఆహారం. ప్రాణవాయువు సమృద్ధిగా ఉంటే ఒక్క గ్లూకోజు అణువునుండి సుమారు 30 ఎ.టి.పి. అణువులు తయారవుతాయి. ప్రాణవాయువు లేనప్పుడు గ్లూకోజు సగంలోనే విరిగి లాక్టిక్ ఆమ్లంగా మిగులుతుంది. నికరంగా దక్కేవి 2 మాత్రమే. కాన్సరు కణాలు ప్రాణవాయువు ఉన్నప్పటికిని ఈ రెండవ మార్గాన్నే ఎక్కువగా అనుసరిస్తాయని జర్మనీ శాస్త్రజ్ఞుడు ఆటో వార్బర్గ్ 1920 దశకంలోనే గమనించినాడు. గాదెనిండ వడ్లుండి పిడికెడు మెతుకులతో బ్రతికే ఈ కాన్సరు కణం రహస్యం తెలియవలెనంటే, ముందు ఆ మెతుకు ఏమిటో తెలియవలెను. సుబ్బారావు గారు చూపినది ఆ మెతుకును.

ఇంత చేసినా హార్వర్డులో ఆయనకు స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ గ్రామంలో ఉన్న లెడర్లీ ఔషధ పరిశోధనాలయానికి మారి, అచిరకాలంలోనే అక్కడి పరిశోధనాధిపతి అయినారు. కాలేయపు సారం తినిపిస్తే కొన్ని రకాల పాండురోగం నయమవుతున్నదని వైద్యులకు అప్పటికే తెలుసును. బొంబాయిలో గర్భిణీ స్త్రీల పాండురోగాన్ని పరిశీలించిన లూసీ విల్స్, ఈస్టు సారంలో దానికి విరుగుడు ఉన్నదని 1931లో ప్రకటించినది. ఆ విరుగుడు ఫోలిక్ ఆమ్లం. సుబ్బారావు గారి అధ్వర్యంలోని బృందం కాలేయంనుండి దానిని వేరుచేసి, 1945లో రసాయనశాలలోనే నిర్మించగలిగినది. స్ప్రూ రోగులకు సైతం ఆ పదార్థం మేలు చేసినది. సోదరులను బలిగొన్న వ్యాధికి విరుగుడు చేతికి వచ్చేనాటికి వారు పోయి రెండు దశాబ్దాలు దాటినది.

ఆపైన జరిగిన కథ ఇంకను విచిత్రమైనది. రక్తకణాలు పెరుగుటకు ఫోలిక్ ఆమ్లం ఆహారమైనచో, రక్తపు కాన్సరుకును అది ఆహారమే కావలెను. బోస్టనులో వైద్యుడు సిడ్నీ ఫార్బర్ అట్లే జరుగుతున్నట్లు గమనించి, దానికి ప్రతికూలమైన పదార్థం కావలెనన్నాడు. రూపంలో ఫోలిక్ ఆమ్లాన్ని పోలి, గుణంలో దానికి అడ్డుపడే పదార్థాలను లెడర్లీ బృందం తయారుచేసి ఇచ్చినది. వానిలో అమినోప్టెరిన్ ఒకటి. ఫార్బర్ దానిని 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందికి కొంతకాలంపాటు వ్యాధి తగ్గుముఖం పట్టినట్లు 1948 జూనులో ప్రకటించినాడు. అంతకుముందు ఆ వ్యాధి వచ్చిన బిడ్డకు మృత్యువు తప్ప గతిలేదు. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ 1956లో స్త్రీలకు వచ్చే ఒక అరుదైన కాన్సరును పూర్తిగా నయంచేసి చూపినది. హెట్రజాన్ కాక, ఆరియోమైసిన్ అనే జీవనాశకౌషధం కూడ ఈ కాలంలోనే ఆయన అధ్వర్యంలో వెలువడినది.

ఫార్బర్ ప్రకటన వెలువడిన రెండు నెలలకు, 1948 ఆగస్టులో, సుబ్బారావు గారు నిద్రలోనే గుండె ఆగి మరణించినారు. వయస్సు 53. అప్పటికి స్వదేశం స్వతంత్రమై దాదాపు ఒక ఏడు గడచినది.

ఆయన విడిచిన ప్రశ్న మాత్రం సాగుతూనే ఉన్నది. కాలేయపు కాన్సరుకు ఆ ప్రతికూల పదార్థాలు తగిన మందు కాలేదు. కారణం ఏమి? కాలేయానికి రక్తం రెండు దారుల వస్తుంది. నాలుగింట మూడువంతులు ప్రేగులనుండి వచ్చే పెద్దసిర ద్వారా, మిగిలినది ధమని ద్వారా. కాన్సరు గడ్డ మాత్రం ముఖ్యంగా ధమనిమీదనే ఆధారపడుతుంది. అందువలన వైద్యులు ఆ ధమని కొమ్మను మూసి గడ్డను మాడ్చే చికిత్స చేస్తారు. అది అనేకులకు ఆయుష్షు పెంచినది. కాని ఊపిరాడని కణాలలో కొన్ని చావక, కొత్త బ్రతుకు నేర్చుకొంటాయి.

ఆ నేర్పు ఎట్టిదో తెలిసినది కూడ కాలేయపు కాన్సరు కణాల మూలానే. ప్రాణవాయువు తగ్గినప్పుడు దేహం రక్తకణాల ఉత్పత్తిని ఎట్లు పెంచుకొంటున్నదో వెదకిన గ్రెగ్ సెమెన్జా, ప్రయోగశాలలో పెంచిన అట్టి కణాలలోనే 1992లో ఒక మాంసకృత్తును గుర్తించినాడు. దాని పేరు హిఫ్. ప్రాణవాయువు చాలినంత ఉన్నప్పుడు కణం దీనిని పుట్టినది పుట్టినట్లు నాశనం చేస్తుంది. ప్రాణవాయువు కొరవడితే హిఫ్ నిలిచి, గ్లూకోజును లోనికి లాగే ద్వారాలను, దానిని విరిచే ఎంజైములను పెంచుతుంది. కొత్త రక్తనాళాలను రప్పిస్తుంది. 30కి బదులు 2 మాత్రమే దక్కినా, గ్లూకోజును అనేకరెట్లు లాగికొని కణం ఎ.టి.పి. లోటు పూడ్చుకొంటుంది. ఈ శోధనకు సెమెన్జా, పీటర్ రాట్‌క్లిఫ్, విలియం కేలిన్‌లకు 2019లో నోబెల్ బహుమానం లభించినది. ఆకలిగొన్న కణం అట్లు కూడబెట్టుకొనే పదార్థం, 1929లో సుబ్బారావు గారు కాలేయంలో భాస్వరం కొలిచి పట్టుకొన్నదే. శత్రువు తిండి ఏదో తెలుసుకొని దానికి అడ్డుపడుట అనే యుక్తి కూడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లం విషయంలో ఆచరించి చూపినదే.

ఆయనకు నోబెల్ బహుమానం రాలేదు. లెడర్లీవారు ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టి స్మరించినారు. భారతప్రభుత్వం 1995లో, శతజయంతి సంవత్సరాన, తపాలాబిళ్ళ వేసినది. నేడు తెలుగునాట ఉన్నతపాఠశాల దాటిన ప్రతి విద్యార్థి ఎ.టి.పి. అన్న మూడక్షరాలు వల్లిస్తున్నాడు. ఆ మూడక్షరాల ప్రక్కన భీమవరపు వెంకమ్మ కుమారుని పేరు కూడ ఉపాధ్యాయులు ఒకమారు చెప్పితే, ఒంటిమీది బంగారం అమ్మిన ఆ తల్లి ఋణం కొంతైనా తీరుతుంది.