చేతి స్పర్శతో మనసు చదివిన హెలెన్ కెల్లర్



ఎదుటివారు సంతోషంగా ఉన్నారో, బాధలో ఉన్నారో మనకు ఎలా తెలుస్తుంది? వారు నోరు విప్పి చెప్పనక్కరలేదు. ముఖం చూస్తే తెలుస్తుంది, గొంతు వింటే తెలుస్తుంది. బుద్ధిలోకి వచ్చే ఏ జ్ఞానమైనా ముందు ఇంద్రియాల గడప దాటి రావలసిందేనని అరిస్టాటిల్, ఆయన తరువాత పునీత అక్వినాస్ తోమాసుగారు బోధించారు. మరి చూపు, వినికిడి అనే రెండు గడపలూ మూసుకుపోతే, మనిషి తోటి మనిషి మనసును ఎలా తెలుసుకోగలడు? ఈ ప్రశ్నకు హెలెన్ కెల్లర్ జీవితం చక్కని జవాబు.

హెలెన్ 1880 జూన్ 27న అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, టస్కంబియా అనే చిన్న పట్టణంలో జన్మించింది. పందొమ్మిది నెలల ప్రాయంలో ఆమెకు తీవ్రమైన జ్వరం వచ్చింది. బిడ్డ దక్కదని వైద్యులు అనుకున్నారు. ఒకరోజు ఉన్నట్టుండి జ్వరం తగ్గింది. ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. కాని ఆ జ్వరం పోతూపోతూ బిడ్డ చూపునూ, వినికిడినీ తీసుకుపోయిందని వారికి ఆ తరువాతనే తెలిసింది.

చిన్నారి హెలెన్ తెలివైనదే. తలూపితే అవును, అడ్డంగా ఊపితే కాదు, పట్టి లాగితే రమ్మని, తోస్తే పొమ్మని సొంతంగా గుర్తులు కల్పించుకుంది. రొట్టె కావాలంటే కోసి వెన్న పూసినట్టు చేతులతో చూపేది. ఇద్దరు మాట్లాడుకుంటుంటే వారి మధ్య నిలబడి పెదవులు తడిమి చూసేది. తానూ పెదవులు కదిపేది. ఏమీ జరిగేది కాదు. అప్పుడు కోపం పట్టలేక అలసిపోయేదాకా తన్నేది, కేకలు పెట్టేది. కోపం చల్లారాక పశ్చాత్తాపం లాంటిదేదో మనసులో మెదిలేదట గాని, మళ్ళీ అదే పని చేయకుండా అది ఆమెను ఆపలేకపోయేది.

తాళంచెవి వాడకం నేర్చుకున్న కొత్తలో ఒక ఉదయం ఆమె తల్లిని వంటసామాను గదిలో పెట్టి తాళం వేసింది. పనివారు దూరంగా ఉన్నారు. ఆ తల్లి మూడు గంటలసేపు తలుపు బాదుతూనే ఉంది. హెలెన్ వసారా మెట్లమీద కూర్చుని, తలుపు అదురు ఒంటికి తగులుతుంటే నవ్వుకుంటూ ఉంది.

ఆ పిల్లది రాతిగుండె అనుకుందామా? కాదు. తల్లి ముఖంలోని కంగారు ఆమెకు కనిపించదు, గొంతులోని ఆందోళన వినిపించదు. ఆమెకు అందింది తలుపు అదురు ఒక్కటే. అది ఆమెకు ఆట. రొట్టెకు గుర్తు ఉంది గాని, అమ్మ భయానికి గుర్తు లేదు. మనసు లేక కాదు, మరొకరి మనసు తనదాకా చేరే దారి లేక ఆమె అలా ప్రవర్తించింది. ఈ బిడ్డకు వెంటనే చదువు చెప్పించాలని తల్లిదండ్రులు గట్టిగా నిశ్చయించుకున్నది ఆ సంఘటన తరువాతనే.

బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల పాఠశాల నుండి 1887 మార్చి 3న ఆన్ సలివాన్ అనే ఉపాధ్యాయురాలు వచ్చింది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళు. ఐర్లండు నుండి వలస వచ్చిన పేద కతోలిక కుటుంబంలో పుట్టింది. చిన్ననాడే కంటిజబ్బుతో చూపు చాలావరకు పోయింది. తల్లి మరణించింది. తమ్ముడితోపాటు పేదల ఆశ్రమంలో చేరితే, తమ్ముడు అక్కడే కన్నుమూశాడు. తరువాత శస్త్రచికిత్సలవల్ల ఆమెకు కొంత చూపు వచ్చింది. చీకటి అంటే ఏమిటో పడి తెలుసుకున్న మనిషి ఆమె.

ఆన్ హెలెన్ అరచేతిలో వేళ్ళతో అక్షరాలు రాస్తూ వచ్చింది. ఏప్రిల్ 5న విసుగెత్తిన హెలెన్ కొత్త బొమ్మను నేలకేసి కొట్టింది. ముక్కలు కాళ్ళకు తగిలితే సంతోషించిందే తప్ప, అయ్యో అనుకోలేదు. ఆన్ ఆమెను బయటికి తీసుకువెళ్ళి పంపు కింద ఒక చెయ్యి పెట్టించి, రెండవ చేతిలో నీరు అనే మాట రాసింది. ప్రతి వస్తువుకూ ఒక పేరుందని హెలెన్‌కు ఆ క్షణంలో తెలిసింది. ఈ కథ చాలామందికి తెలిసినదే. కాని ఆ తరువాత జరిగింది ఇంకా గొప్పది. ఇంట్లోకి రాగానే ఆమెకు బొమ్మ గుర్తుకొచ్చింది. తడుముకుంటూ వెళ్ళి ముక్కలు ఏరి అతికించబోయింది. అతకలేదు. కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. తాను మొదటిసారి పశ్చాత్తాపమూ, దుఃఖమూ ఎరిగింది అప్పుడేనని ఆమె తన ఆత్మకథలో రాసుకుంది.

భాష వచ్చాక చెయ్యే ఆమెకు కన్నూ, చెవీ అయింది. ఒకనాడు తల్లితో నడుస్తుండగా ఎవరో కుర్రవాడు టపాకాయ విసిరాడు. తల్లి ఉలిక్కిపడింది. మరుక్షణంలోనే హెలెన్ మనం దేనికి భయపడుతున్నామని అడిగింది. ఇందులో మంత్రమేమీ లేదని, మనసు కదిలితే కండరాలూ కదులుతాయని, ఆ కదలికను హెలెన్ పట్టుకుంటుందని ఆన్ వివరించింది. నేల అదురునుబట్టి నడిచేవారి అలసట, కోపం, దుఃఖం కొంతవరకు తెలుసుకోగలనని 1908లో వెలువడిన తన పుస్తకంలో హెలెన్ రాసింది. కరచాలనంలోనే కొందరి చేతుల్లో చలిగాలి, కొందరి చేతుల్లో ఎండ వెచ్చదనం ఆమెకు తగిలేవి. రచయిత మార్క్ ట్వేన్ కథ చెబుతుంటే ఆయన పెదవులమీద వేళ్ళుంచి వినేది.

ఒకప్పుడు అమ్మ మూడు గంటలు తలుపు బాదినా తెలియని పిల్లకే, ఇప్పుడు అమ్మ ఒక్క ఉలికిపాటు తెలిసింది. తేడా ఎక్కడ వచ్చింది? కళ్ళు రాలేదు, చెవులు రాలేదు. ఒక మనిషి ఓపికగా చెయ్యి పట్టుకుంది.

అయితే స్పర్శతో అన్నీ తెలుస్తాయని ఆమె గొప్పలు చెప్పుకోలేదు. ముఖం తడిమితే నవ్వు, దుఃఖం వంటివి తెలుస్తాయి గాని, కన్ను ఒక్క చూపులో చెప్పేది తనకు అందదని ఒప్పుకుంది. చెవుడు మనిషిని మనుషుల మధ్యనే ఒంటరిని చేస్తుంది గనుక అది గుడ్డితనంకన్నా పెద్ద లోటని భావించింది. మూడు రోజులు చూపు వస్తే ఏమి చూస్తానో వివరిస్తూ 1933లో ఒక వ్యాసం రాసింది. మొదటి రోజు తన ఆప్తులందరినీ పిలిచి వారి ముఖాలు తనివితీరా చూస్తానంది. అదే వ్యాసంలో ఇంకో సంగతీ చెప్పింది. చాలా ఏళ్ళుగా కాపురం చేస్తున్న భర్తలను వారి భార్యల కళ్ళ రంగు అడిగితే, తెలియదని ఒప్పుకున్నారట!

హెలెన్ 1904లో పట్టభద్రురాలైంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆసుపత్రులలో గాయపడిన సైనికుల చేతులు పట్టుకుని ధైర్యం చెప్పింది. 1955లో మన దేశానికి కూడా వచ్చింది. 1936లో ఆన్ చివరి ఘడియల్లో గురువు చెయ్యి శిష్యురాలి చేతిలోనే ఉంది. 1968 జూన్ 1న హెలెన్ కన్నుమూసింది.

మన ఇళ్ళలోనూ చూపు మందగించిన అమ్మమ్మలు, వినికిడి తగ్గిన తాతయ్యలు ఉన్నారు. వసారాలో అందరూ నవ్వుకుంటారు. దేనికో తాతయ్యకు తెలియదు. తననే వెక్కిరిస్తున్నారనుకుంటాడు. వినపడదని మనం అరిచి చెబుతాం. ఆ అరుపు తిట్టులా తోస్తుంది. మనవరాలి చిరునవ్వు అమ్మమ్మ మసక కళ్ళకు ఆనదు. చెవి మిషను పెట్టినా, మాట వినపడినంత బాగా మాటలోని ప్రేమ వినపడకపోవచ్చు. ముసలితనంలో అనుమానం ఎక్కువైందని, చాదస్తం పెరిగిందని మనం తేల్చేస్తాం.

అలా తేల్చేముందు వారిని కంటి డాక్టరుకు, చెవి డాక్టరుకు చూపించండి. మాట్లాడేటప్పుడు ముఖాన వెలుతురు పడేలా ఎదురుగా కూర్చోండి. అందరూ నవ్వినప్పుడు ఎందుకు నవ్వారో వారికీ చెప్పండి. మాటకు ముందు చెయ్యి పట్టుకోండి. వారు తలుపుకు అవతల ఉన్నారు. తాళంచెవి మన చేతిలోనే ఉంది.