నేతాజీ వైద్యుడు మన పోడూరు వాసి
కాకినాడ వైద్య కళాశాల స్థాపకుల్లో ఆయన ఒకరు

తాడేపల్లిగూడెం: మన ప్రాంతంలో సైన్యం మాట వస్తే ముందుగా గుర్తుకు వచ్చేది మిలిటరీ మాధవరం. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ వూరి యువకులు తరలి వెళ్ళారు. తాడేపల్లిగూడెంలోని పాత విమానాల రన్‌వే కూడా రెండవ యుద్ధం నాటి గుర్తే. కాని తుపాకి పట్టకుండా, మందుల పెట్టె పట్టుకొని అదే యుద్ధానికి వెళ్ళిన పోడూరు వాసి డాక్టర్ దాట్ల సత్యనారాయణ రాజు గారి సంగతి ఈ తరంలో చాలామందికి తెలియదు.

రాజు గారు 1904లో పోడూరులో జన్మించారు. వైద్య విద్య పూర్తి చేసి, బ్రిటిష్ ఇండియా సైన్యంలో డాక్టరుగా చేరారు. యుద్ధం ఆయనను తూర్పు ఆసియాకు చేర్చింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూరులో బ్రిటిష్ సేనలు జపానుకు లొంగిపోయాయి. 40 వేలకు పైగా భారతీయ సైనికులు ఒక్కసారిగా ఖైదీలయ్యారు. వారి ముందు రెండు దారులు మిగిలాయి. రాజుకు చేసిన ప్రమాణానికి కట్టుబడి ఖైదులో వుండటం ఒకటి, దేశం కోసం ఏర్పడుతున్న ఆజాద్ హింద్ ఫౌజులో చేరటం రెండోది. రెండోది ఎంచుకొన్నవారికి యుద్ధం ఓడితే రాజద్రోహం నేరం తప్పదు. ఇంటి దగ్గర కుటుంబం పరిస్థితి ఏమవుతుందో చెప్పలేరు. ఆ దారినే రాజు గారు నడిచారు.

1943 జులైలో సుభాష్ చంద్రబోస్ సింగపూరు వచ్చి నాయకత్వం చేపట్టారు. కల్నల్ హోదాలో వున్న రాజు గారు నేతాజీకి స్వంత వైద్యుడయ్యారు. అదే సంవత్సరం డిసెంబరు 29న నేతాజీ అండమాన్ దీవులకు వెళ్ళినప్పుడు వెంట వున్న కొద్దిమందిలో ఆయన ఒకరు. మరునాడు పోర్ట్ బ్లెయిర్‌లో నేతాజీ మువ్వన్నెల జెండా ఎగురవేశారు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి గారి వంటి తెలుగువారు శిక్ష అనుభవించిన సెల్యులర్ జైలు వున్నది ఆ వూళ్ళోనే. ఆ రోజుల్లోనే జపాను సేనలు గూఢచారులన్న అనుమానంతో దీవుల ప్రజలను హింసించిన సంగతి తరువాత లోకానికి తెలిసింది. స్వాతంత్ర్యపు జెండా ఎగిరిన చోటనే ఆ బాధ కూడా వుండటం చరిత్రలో మరువరాని విషయం.

1945లో యుద్ధం ముగిసింది. ఎర్రకోటలో విచారణలు జరిగాయి. ప్రజల ఆగ్రహానికి జడిసి ప్రభుత్వం శిక్షలు అమలు చేయలేకపోయింది. అయినా ఫౌజు వారికి తిరిగి సైన్యంలో చోటు దొరకలేదు. 1947 తరువాత కూడా ఆ తలుపు తెరుచుకోలేదు. సైనికుడిగా రాజు గారి జీవితం అక్కడితో ముగిసిందనే చెప్పాలి.

ఆయన మాత్రం చేతులు ముడుచుకొని కూర్చోలేదు. కాకినాడను కార్యక్షేత్రం చేసుకొన్నారు. ఆ రోజుల్లో కోస్తా జిల్లాల పిల్లలు డాక్టరీ చదవాలంటే 1923లో ఏర్పడిన విశాఖపట్నం కళాశాలకో, 1946లో ఏర్పడిన గుంటూరు కళాశాలకో వెళ్ళాలి. ఆ రెంటి నడుమ రెండు గోదావరి జిల్లాలలో ఒక్క వైద్య కళాశాల లేదు. సీట్లు కొద్ది, ఆశించేవారు ఎక్కువ. పల్లెల్లో డాక్టరు దొరకటమే గగనం. ఈ లోటు తీర్చటానికి రాజు గారు, డాక్టర్ ఎం.వి. కృష్ణారావు గారు ముందు నిలిచి మెడికల్ ఎడ్యుకేషన్ సొసైటీని నడిపించారు. దాతలు ముందుకు వచ్చారు. 1958లో కాకినాడలో వైద్య కళాశాల ప్రారంభమైంది. అదే నేటి రంగరాయ వైద్య కళాశాల. ప్రైవేటు పూనికతో మొదలైన ఆ సంస్థ తరువాత ప్రభుత్వ కళాశాల అయింది. అక్కడి ప్రభుత్వ సాధారణ ఆసుపత్రి దానికి బోధనాసుపత్రి.

ప్రజలు ఆయనను చట్టసభకూ పంపారు. 1957, 1962 ఎన్నికల్లో రాజమండ్రి నుంచి, 1967లో నరసాపురం నుంచి కాంగ్రెసు అభ్యర్థిగా లోక్‌సభకు ఎన్నికయ్యారు. కేంద్రంలో ముందు ఆరోగ్య శాఖకు, తరువాత రక్షణ శాఖకు ఉపమంత్రిగా పనిచేశారు. ఏ సైన్యంలోకి ఫౌజు వారికి పునఃప్రవేశం లేదన్నారో, అదే సైన్యం గురించి పార్లమెంటులో సభ్యుల ప్రశ్నలకు సమాధానాలు చెప్పే బాధ్యత చివరికి ఆయనకు దక్కింది.

నేతాజీ దిగిన రాస్ దీవికి 2018లో ఆయన పేరే పెట్టారు. 2023లో ఏలూరులోనూ, రాజమహేంద్రవరంలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. 65 ఏళ్ళ ముందే ఆ అవసరం గుర్తించి పూనుకొన్నవారిలో పోడూరు వాసి ఒకరు వున్నారు. ఆయన కన్నుమూసి దశాబ్దాలు గడిచాయి. గోదావరి జిల్లాల పల్లెల్లో రోగి చెయ్యి పట్టి నాడి చూస్తున్న డాక్టర్లలో కాకినాడలో చదివినవారు ఎందరో వున్నారు. మన పాఠశాలల్లో పిల్లలకు నేతాజీ కథ చెప్పేటప్పుడు ఆయన పక్కన నిలిచిన ఈ డాక్టరు గారి పేరు కూడా చెప్పటం మన బాధ్యత.